రక్తం కొలిచే పరికరాలు, ప్రభుత్వ సొమ్ము, మన ప్రశ్నలు

రెండేళ్ల కిందట పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక సబ్‌సెంటర్ దగ్గర కూర్చుని గర్భిణులకు జరిగే పరీక్షలు చూస్తున్నాను. ఆ రోజే కొత్త హిమోగ్లోబిన్ మీటరు వచ్చింది. అంతకుముందు వాడినదానికంటే చిన్నది, అరచేతిలో ఇమిడిపోతుంది. ఏఎన్‌ఎం ఒక్కొక్కరి వేలు గుచ్చి, రక్తపు బొట్టును స్ట్రిప్పుకు అంటించి, తెర మీద కనిపించిన అంకెను కార్డులో రాస్తోంది. వరసలో నాలుగో ఆమెకు ఎనిమిది పాయింట్ రెండు వచ్చింది. ముప్ఫై ఏళ్లు ఉండవు. మూడో కాన్పు. పత్తి చేలో కూలి. ఆ అంకె విని ఆమె నవ్వింది. "పోయిన కాన్పుకు గూడ ఎనిమిదే అన్నరు గదమ్మా. మిషన్ ఒక్కటే మారింది" అంది. ఏఎన్‌ఎం కూడా నవ్వి ఎర్ర మాత్రల అట్టలు చేతిలో పెట్టింది.

ఆ తర్వాత కొన్ని నెలలకు హైదరాబాద్‌లో ఒక సమావేశానికి పిలిస్తే వెళ్లాను. ప్రభుత్వ గ్రాంటుతో ఆరోగ్య పరికరాలు తయారు చేస్తున్న చిన్న కంపెనీల వాళ్లు తమ పని చూపించే సమావేశం అది. ఎక్కువమంది పాతికేళ్ల ఇంజనీర్లు. తెలివైనవాళ్లు, కష్టపడేవాళ్లు. అసలు సూదే గుచ్చకుండా గోటి మీద కాంతి వేసి రక్తహీనత కనిపెట్టే పరికరం గురించి ఒకతను చక్కగా వివరించాడు. సెల్‌ఫోన్‌తో కింది కనురెప్ప ఫోటో తీసి చెప్పే పద్ధతి గురించి ఇంకొకతను చెప్పాడు. ఆ ఫోటోలన్నిటిలోనూ చేయి చాపి కూర్చున్నది పల్లెటూరి ఆడవాళ్లే. హాల్లో మాత్రం వాళ్లు లేరు, ఒక్క ఏఎన్‌ఎం లేదు, ఆశా కార్యకర్త లేదు. ప్రశ్నల సమయంలో నేను లేచి, ఎనిమిది పాయింట్ రెండు అని తేలాక ఆమెకు ఏం జరుగుతుందని అడిగాను. "అది మా ప్రాజెక్టు పరిధిలోకి రాదు మేడమ్" అన్నాడు ఆ అబ్బాయి, చాలా మర్యాదగా.

ఆ పరిధిని గీసింది అతను కాదు. ఎవరు గీశారు, ఏ కాగితం మీద గీశారు అన్నదే నేను ఇక్కడ చర్చకు పెట్టదలచుకున్న విషయం.

చిన్న పరిశ్రమల పరిశోధనకు ప్రభుత్వమే డబ్బు పెట్టడమనే ఆలోచనకు ఒక చరిత్ర ఉంది. అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌లో పనిచేసిన రోలాండ్ టిబెట్స్ 1977లో దీన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టాడు. 1982లో చట్టమయింది. బయటి సంస్థల పరిశోధనకు ఏటా 10 కోట్ల డాలర్లకు మించి ఖర్చుపెట్టే ప్రతి కేంద్ర శాఖా అందులో కొంత శాతాన్ని చిన్న కంపెనీల కోసం విడిగా పెట్టాలన్నది దాని సారం. ఆ వాటా మొదట అతి తక్కువ, 2017 నాటికి 3.2 శాతానికి చేరింది. డబ్బు దశలుగా వస్తుంది. మొదటి దశలో ఆలోచన పనిచేస్తుందా లేదా చూస్తారు. రెండో దశలో నమూనా తయారవుతుంది. మూడో దశలో, అంటే బజారులోకి వెళ్లేటప్పుడు, ఆ పథకం డబ్బు ఉండదు. రక్షణ శాఖ, ఆరోగ్య సంస్థలు, అంతరిక్ష సంస్థ, వాతావరణ సంస్థ తమకు ఏం కావాలో అంశాల జాబితాలు ప్రకటిస్తాయి. వాటిలో గుర్తించడం, కొలవడం, ముందుగా అంచనా వేయడం అన్నవి పదే పదే కనిపిస్తాయి. గాలిలో విషవాయువును గుర్తించే సెన్సర్ అని, సముద్రపు ఉష్ణోగ్రతను కొలిచే పరికరం అని, తుపాను దారిని చెప్పే లెక్క అని. స్త్రీల, సామాజికంగా వెనుకబడినవారి భాగస్వామ్యం పెంచడం కూడా ఆ కార్యక్రమం ప్రకటించుకున్న లక్ష్యాల్లో ఒకటి. అక్కడ ఆ చట్టానికి ఎప్పటికప్పుడు గడువు పొడిగించాల్సి ఉంటుంది. 2022లో పొడిగించిన గడువు 2025 సెప్టెంబర్ 30తో ముగిసింది.

మన దేశంలో బయోటెక్నాలజీ శాఖ 2005లో దాదాపు అదే పేరుతో ఎస్‌బిఐఆర్‌ఐ పథకం పెట్టింది. మొదటి దశకు గ్రాంటు, రెండో దశకు తక్కువ వడ్డీ రుణం. 2012లో బైరాక్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడి ఈ పనంతా దాని కిందికి వచ్చింది. ఇంకా కంపెనీ కూడా పెట్టని వాళ్లకు సైతం ఆలోచన బాగుంటే 18 నెలల కాలానికి 50 లక్షల రూపాయల దాకా ఇచ్చే ఇగ్నిషన్ గ్రాంటు కూడా అక్కడిదే. హైదరాబాద్ శివారు జీనోమ్ వ్యాలీలోని ఐకెపి నాలెడ్జ్ పార్క్ ఆ గ్రాంటును నడిపే భాగస్వామి సంస్థల్లో ఒకటి. అంటే ఇది మనకు దూరపు విషయం కాదు, షామీర్‌పేట దాటితే ఉన్న విషయం.

నేను ఈ పథకాలకు వ్యతిరేకిని కాదు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే స్త్రీవాదులు సాంకేతికత అనగానే ముఖం చిట్లిస్తారనే పేరు మనకు ఉంది (కొంత మనం సంపాదించుకున్నదే). విదేశీ కంపెనీ పెట్టె ఒకటి కొని, అది పాడైతే మెకానిక్ కోసం నెలల తరబడి ఎదురుచూసిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను మనలో చాలామంది చూశాం. మన ఎండను, మన దుమ్మును, మన కరెంటు కోతలను ఎరిగినవాళ్లు పరికరాలు తయారు చేయడం మంచిదే. పెద్ద కంపెనీలు లాభం లేదని వదిలేసిన రోగాల మీద చిన్న కంపెనీలు పనిచేస్తాయన్న వాదనలో నిజముంది. ప్రజల సొమ్ముతో జరిగే పని కాబట్టి ప్రైవేటు పరిశోధనను అడగలేని ప్రశ్నలను దీన్ని అడగవచ్చు. మనం అడగడం లేదన్నదే నా బాధ.

రక్తహీనతనే తీసుకుందాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడతలో, అంటే 2015-16లో, 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో 53.1 శాతం రక్తహీనులు. 2019-21 నాటి అయిదో విడతలో అది 57 శాతమయింది. ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. అదే వయసు మగవాళ్లలో దేశం మొత్తం మీద 25 శాతం. ఈ రెండు సర్వేల మధ్యే, 2018లో, రక్తహీనత లేని భారత్ అనే కార్యక్రమం మొదలయింది. డిజిటల్ మీటర్లతో పరీక్ష, అక్కడికక్కడే మాత్రలు, నాలుగు మంచిమాటలు అన్నది దాని పద్ధతి. ఏటా మూడేసి శాతం తగ్గించాలన్నది లక్ష్యం. తగ్గకపోగా పెరిగింది.

పెరిగినప్పుడు రెండు రకాల ప్రశ్నలు రావాలి. తిండి ఏమైంది, మాత్రలు అందాయా, అందితే మింగారా అన్నవి ఒక రకం. కొలత సరైనదేనా అన్నది ఇంకొకటి. చర్చంతా రెండో ప్రశ్న చుట్టూ ఎక్కువగా తిరిగింది. అది అబద్ధపు ప్రశ్న అని నేను అనను. సర్వేలో వేలి కొసనుంచి బొట్టు తీసి చేతి మీటరులో పెడతారు. బొట్టు సరిగా రాకపోతే వేలిని పిండుతారు. పిండితే రక్తంతోపాటు కణజాలపు నీరు కలిసి అంకె తగ్గుతుంది. సిరనుంచి రక్తం తీసి ప్రయోగశాల యంత్రంలో చూస్తే అంకె వేరుగా రావచ్చు. 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే సిర రక్తమే తీసింది. అందులో 1 నుంచి 4 ఏళ్ల పిల్లల్లో 41 శాతం రక్తహీనులని తేలింది. కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడతలో, వయసులు కొంచెం తేడా అయినా, అది 58 శాతం పైనే. పెద్ద తేడా ఇది. 2021లో కొందరు భారతీయ పరిశోధకులు, రక్తహీనతకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దే మన పిల్లలకు ఎక్కువని కూడా వాదించారు. 2023లో కేంద్రం రక్తహీనత కొలతను ఆరో విడత కుటుంబ ఆరోగ్య సర్వేనుంచి తీసేసి, సిర రక్తంతో చేసే వేరే సర్వేకు మార్చాలని నిర్ణయించింది. దాన్ని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు అప్పగించారు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వీలైనచోట సిర రక్తమే తీయమంది. గర్భిణులు కాని స్త్రీలకు మాత్రం పాత హద్దునే, అంటే డెసిలీటరుకు 12 గ్రాములనే ఉంచింది.

శాస్త్రంగా చూస్తే సిర రక్తమే మేలు. నా అనుమానం వేరేచోట. పద్ధతి మారితే వచ్చే అంకెను పాత అంకె పక్కన పెట్టి పోల్చకూడదని ప్రతి గణాంక విద్యార్థికీ తెలుసు. కానీ బడ్జెట్ రాసేవాళ్లు పోలుస్తారు. 57 ఉన్నది 40 అయిందనుకోండి, సమస్య తగ్గిందని అంగన్‌వాడీ గుడ్డు మీద, మాత్రల కొనుగోలు మీద కత్తెర పడకుండా ఎవరు కాపలా కాస్తారు? ఒక కొలత నుంచి ఇంకో కొలతకు మారినప్పుడు కొన్నాళ్లు రెండు పద్ధతులనూ ఒకే స్త్రీల మీద నడిపి, ఆ తేడాను బహిరంగంగా అచ్చువేయమని మన సంఘాలు గట్టిగా అడిగి ఉండాల్సింది. అది స్త్రీల విషయమే అని మనకు తట్టలేదు, లెక్కల విషయమనుకున్నాం.

ఇప్పుడు చిన్న కంపెనీల దగ్గరికి వద్దాం. వీళ్లకు వచ్చే గ్రాంటు ప్రకటనల్లో సమస్య ఎప్పుడూ ఒకేలా చెప్పబడుతుంది. పరీక్ష ఖరీదు ఎక్కువ, నొప్పి ఎక్కువ, నైపుణ్యం కావాలి, కాబట్టి చవకగా, నొప్పి లేకుండా, ఎవరైనా వాడగలిగేలా చేయండి. ఇవన్నీ నిజమే. అయితే ఆ సబ్‌సెంటర్‌లో నేను అడిగితే ఏఎన్‌ఎం చెప్పిన చిక్కులు వేరు. మీటరు చవకే, స్ట్రిప్పులు అయిపోతే మళ్లీ రావడానికి నెలలు పడుతుంది. సీసా మూత తీశాక తేమ తగిలితే పాడవుతాయి. మే నెలలో స్కూటీ డిక్కీలో పెట్టుకుని తిరిగితే వేడికి ఏమవుతాయో ఆమెకే తెలియదు. అంకె వచ్చాక కార్డులో, రిజిస్టరులో, మళ్లీ ఫోన్లో యాప్‌లో మూడుసార్లు రాయాలి. ఏడు కంటే తక్కువ వస్తే పెద్దాసుపత్రికి పంపాలి. బండి లేదు, వెంట వెళ్లే మనిషి లేదు, ఆ రోజు కూలి పోతుంది. "కొలవడం నాకు ఎప్పుడూ కష్టం కాలేదు మేడం" అంది ఆమె. ఆమె మాటను గ్రాంటు ప్రకటన రాసే కమిటీలో ఎవరైనా విని ఉంటే ప్రకటన ఇంకోలా ఉండేది.

ఇంకొక సంగతి నన్ను చాలాకాలంగా తొలుస్తోంది. రక్తం ఎంత ఉందో కొలవడానికి ఇన్ని పరికరాలు పోటీపడుతున్నాయి. ఎంత పోతోందో ఎవరూ అడగరు. ఆ రోజు సబ్‌సెంటర్‌లో రిజిస్టరు తిరగేశాను. గర్భిణి వయసు, కాన్పు, బరువు, బీపీ, హిమోగ్లోబిన్ అన్నీ ఉన్నాయి. గర్భానికి ముందు నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉండేదా అన్న గడి లేదు. నెలకు పది రోజులు రక్తం పోయే స్త్రీకి ఎన్ని మాత్రలిచ్చినా అంకె పైకి రాదని వైద్యులందరికీ తెలుసు. మన రెండు రాష్ట్రాల్లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 8 శాతానికి పైగా గర్భసంచి తీయించుకున్నవాళ్లే అని కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత చెప్పింది. దేశ సగటు 3 శాతం పైచిలుకు. పొలాల్లో, బీడీ ఖార్ఖానాల్లో స్త్రీలతో మాట్లాడితే ఆపరేషన్‌కు కారణంగా మొదట చెప్పేది రక్తస్రావమే. మొదట పదేళ్లు ఓర్చుకుంటారు, తర్వాత అప్పుచేసి ప్రైవేటు ఆసుపత్రిలో కోయించుకుంటారు. మధ్యలో కొలిచేవాళ్లు, కనిపెట్టేవాళ్లు లేరు. నెలసరి రక్తస్రావాన్ని చవకగా, మర్యాదగా, ఇంట్లోనే అంచనా వేసుకునే సాధనం ఒకటి కావాలని ఏ ప్రకటనలోనైనా అంశంగా పెట్టించగలిగితే, దాని మీద పనిచేసే ఇంజనీర్లు దొరకరా? తప్పక దొరుకుతారు. ఆ సమావేశంలో ఈ మాట అంటే ఇద్దరు అబ్బాయిలు తలవంచుకున్నారు, ఒకమ్మాయి మాత్రం బయటికి వచ్చాక నా ఫోన్ నంబరు అడిగింది.

సూది లేని పరికరాల విషయంలో ఎవరి చేతులు అన్న ప్రశ్న వస్తుంది. కాంతితో కొలిచే పరికరాల చరిత్రలో ఒక పాఠం ఉంది. కోవిడ్ రోజుల్లో ఇంటింటా వేలికి తగిలించుకున్న పల్స్ ఆక్సీమీటరు నల్లని చర్మం మీద ఆక్సిజన్‌ను ఎక్కువ చేసి చూపించవచ్చని 1990లోనే వైద్య పత్రికల్లో వచ్చింది. పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2020 డిసెంబర్‌లో అమెరికా ఆసుపత్రుల లెక్కలు చూసి పరిశోధకులు మళ్లీ చెప్పారు. మీటరు 92 నుంచి 96 చూపిస్తున్నవారిలో అసలు ఆక్సిజన్ 88 కంటే తక్కువ ఉన్నవాళ్లు తెల్లవారిలో 3.6 శాతం, నల్లవారిలో 11.7 శాతం. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ వేర్వేరు చర్మపు ఛాయల మీద పరీక్షించాలన్న ముసాయిదా మార్గదర్శకాలను 2025 జనవరిలో గాని తేలేదు. మధ్యలో గడిచిన ముప్ఫై అయిదేళ్లలో ఎవరెవరు ఇంటికి పంపబడ్డారో ఎవరు లెక్కిస్తారు?

మన దగ్గర ఛాయ ఒక్కటే కాదు. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే స్త్రీల వేలి కొసలు పొగాకు మరకలతో గట్టిపడి ఉంటాయి. గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసేవాళ్ల వేళ్లు వాచి ఉంటాయి. ఆషాఢమాసంలో గోటి మీద గోరింటాకు లేని ఆడపిల్ల మన ఊళ్లలో ఎక్కడుంది? గోటి రంగులు, గోరింటాకు కాంతి రీడింగుకు అడ్డురావచ్చని ఆ రంగంలో పనిచేసేవాళ్లే చెబుతారు. అలాంటి పరికరాన్ని నగరపు ఆసుపత్రికి వచ్చిన మెత్తటి చేతుల మీద పరీక్షించి మంచి ఫలితాలు వచ్చాయంటే, అది ఎవరి మంచి? ఎవరి మీద పరీక్షించారో, ఏ పనులు చేసే చేతులో, ఏ కులాల ఏ ప్రాంతాల స్త్రీలో, ఫలితాలు విడివిడిగా ఎలా వచ్చాయో బయటపెట్టాలని గ్రాంటులోనే షరతు ఉండాలి. కంపెనీ రహస్యమంటే ఒప్పుకోనక్కరలేదు. డబ్బు మనది.

ఈ హక్కుల సంగతి అంత తేలిక కాదని తెలుసు. అమెరికాలో 1980 నాటి బై-డోల్ చట్టం ప్రభుత్వ సొమ్ముతో కనిపెట్టినదాని మీద హక్కును చిన్న కంపెనీలకు, విశ్వవిద్యాలయాలకు వదిలేసింది. మన దగ్గర అలాంటి బిల్లు 2008లో రాజ్యసభకు వచ్చి, చట్టం కాకుండానే వెనక్కి పోయింది. అప్పుడు దాన్ని వ్యతిరేకించినవాళ్లలో ప్రజారోగ్య ఉద్యమాల మిత్రులు ఉన్నారు. మహిళా సంఘాలు పెద్దగా మాట్లాడిన గుర్తు నాకు లేదు.

క్షేత్రంలో పరీక్షించడమనే మాట వినగానే నాకు భద్రాచలం గుర్తుకొస్తుంది. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. వాళ్లలో చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. 2010లో మహిళా ఆరోగ్య బృందాలు వెళ్లి విచారించాకే విషయం బయటికి వచ్చి ప్రాజెక్టు ఆగింది. అంగీకార పత్రాల్లో రెండు వేలకు పైగా హాస్టల్ వార్డెన్ల సంతకాలతో ఉన్నాయని తేలింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. నేను చెప్పేది, హాస్టలు, సబ్‌సెంటరు, అంగన్‌వాడీ మన వ్యవస్థలో పరిశోధకులకు అతి తేలికగా తలుపు తెరుచుకునే చోట్లు అని. రేషన్ బియ్యం కోసం, కాన్పు డబ్బు కోసం వచ్చిన ఆడమనిషి చేయి చాపమంటే చాపుతుంది. ఆ చాపిన చేయిని అంగీకారం అనుకోకూడదు. గుచ్చేది ఒక బొట్టే కావచ్చు. అది కొత్త పరికరం పరీక్ష కోసమా తన వైద్యం కోసమా అన్న తేడా ఆమెకు తెలుగులో, ఆమె తెలుగులో, చెప్పాలి. వద్దంటే మాత్రలు ఆగవని కూడా చెప్పాలి.

కనిపెట్టడం దానంతట అది మేలు కాదని మన ఉద్యమానికి ఎవరూ నేర్పనక్కరలేదు. 1970ల మధ్యలో ఢిల్లీలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పుట్టుకలోపాలు గుర్తించడానికి మొదలైన ఉమ్మనీటి పరీక్ష ఏమయిందో చూశాం. బొంబాయి మిత్రులు పోరాడితే 1988లో మహారాష్ట్రలో చట్టం వచ్చింది. 1994లో కేంద్ర చట్టం వచ్చింది. అది అమలు కావడం లేదని సెహత్, మాసుమ్, సాబూ జార్జ్ 2000లో సుప్రీంకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. ప్రతిసారీ మిషను ముందు, మనం వెనక. మిషనుకు డబ్బు ఇచ్చే బల్ల దగ్గర మనం ఎప్పుడూ లేము.

ఇప్పుడు అదే జరుగుతున్న ఇంకో చోటు సికిల్ సెల్ పరీక్షలు. 2023 జూలై 1న మొదలైన జాతీయ కార్యక్రమం మూడేళ్లలో 7 కోట్ల మందిని, నలభై ఏళ్లలోపువాళ్లను, పరీక్షించాలని పెట్టుకుంది. ఆంధ్ర, తెలంగాణ గిరిజన ప్రాంతాలు అందులో ఉన్నాయి. అక్కడికక్కడే ఫలితం చెప్పే కిట్లు కావాలి కాబట్టి చిన్న కంపెనీలకు అది పెద్ద బజారు. రోగం తెలియక బాల్యంలోనే చనిపోయిన పిల్లలను తలుచుకుంటే ఈ పరీక్ష ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. కానీ జన్యువు మోస్తున్నవాళ్లు ఇద్దరు పెళ్లి చేసుకోకుండా కార్డులు చూసుకోవాలన్న సలహా కూడా ఈ పనిలో భాగమే. ఆ కార్డు అబ్బాయి జేబులో ఉన్నప్పుడు ఒక అర్థం, అమ్మాయి చేతిలో ఉన్నప్పుడు ఇంకో అర్థం వస్తుందని ఊళ్లలో పనిచేసే మీకు నేను చెప్పాలా? ఆరోగ్యంగా తిరిగే పిల్ల, జన్యువు మాత్రం మోస్తున్న పిల్ల, "రక్తం మంచిది కాని" పిల్ల అయిపోతుంది. కిట్టు ఎంత ఖచ్చితంగా పనిచేస్తుందని గ్రాంటు కమిటీ అడుగుతుంది. ఫలితం ఎవరి చేతికి వెళుతుందని అడగదు. ఫలితం ముందు ఆమెకే, ఆమె ఒప్పుకుంటేనే ఇంకొకరికి అన్నది కిట్టు రూపకల్పనలోనే ఉండవచ్చు. అది కేవలం సాఫ్ట్‌వేర్ రాసే తీరు, ఖర్చు కూడా పెరగదు.

చిన్న కంపెనీలంటే ఎవరివి అన్నది కూడా చూడాలి. కేంద్ర శాఖలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి కొనాలని, అందులో 3 శాతం స్త్రీల పరిశ్రమల నుంచి ఉండాలని 2018లో నియమం సవరించారు. నూటికి మూడు. ఎస్సీ ఎస్టీలకు నాలుగు. అయితే స్త్రీల పేరున కంపెనీ పెరిగినంత మాత్రాన స్త్రీల ప్రశ్న పెరుగుతుందన్న భ్రమ నాకు లేదు. సర్పంచ్ భర్తలను చూసిన రాష్ట్రం మనది. ప్రశ్న రాసేచోట ఎవరున్నారన్నదే నాకు ముఖ్యం. బైరాక్ లాంటి సంస్థలు ప్రకటన వేసే ముందు ముసాయిదాను ప్రాంతీయ భాషల్లో పెట్టి, ఏఎన్‌ఎంల యూనియన్లు, ఆశా సంఘాలు, మనలాంటివాళ్లం అభిప్రాయం చెప్పడానికి నెల రోజులు ఇవ్వడం అసాధ్యమైన కోరిక కాదు. నిపుణుల కమిటీలో ఒక్క కుర్చీ క్షేత్రంలో పనిచేసే స్త్రీకి, దారిఖర్చులు, ఆ రోజు జీతంతో సహా. దాన్ని అడగడానికి మనం ముందు ఆ ప్రకటనలు చదవాలి. వాటి భాష విసుగు పుట్టిస్తుంది, నాకూ పుట్టించింది. మన సంస్థల్లో చాలావాటికి కుటుంబ హింస కేసులే తలకు మించిన పని అని నాకు తెలుసు. అయినా ఒక్కొక్క జిల్లానుంచి ఒకరు ఒక్క ప్రకటన చదివి, ఆ ఊరి ఏఎన్‌ఎంకు చదివి వినిపించి, ఆమె ఏమందో రాసి పంపినా ఈ పత్రికలో వేయవచ్చు.

ఆ సబ్‌సెంటర్‌కు నేను తర్వాత ఇంకోసారి వెళ్లాను. ఎనిమిది పాయింట్ రెండు ఆమెకు పెద్దాసుపత్రిలో ఐరన్ ఇంజెక్షన్ రాశారట. రెండు సార్లు వెళ్లాలి. ఒక్కసారే వెళ్లగలిగింది, రెండోసారికి పత్తి తీత మొదలయింది. బిడ్డ పుట్టింది, బరువు తక్కువ. కొత్త మీటరుకు స్ట్రిప్పులు అయిపోతే మళ్లీ పాత సాలీ గొట్టాలు బయటికి తీశారు, రంగు చూసి అంచనా వేస్తున్నారు.

హైదరాబాద్ సమావేశం మళ్లీ జరగబోతోందని కబురు వచ్చింది. ఈసారి నాకు బదులు ఆ ఏఎన్‌ఎంను పిలవమని నిర్వాహకులకు ఉత్తరం రాశాను. వెంటనే ఒప్పుకున్నారు, సంతోషం. ఆమె మాత్రం ఫోన్లో, "వస్త గాని మేడం, ఆ దినం బుధవారం గద, టీకాల దినం. నాకు బదులు ఎవరు జేస్తరో మీరే మా పీహెచ్‌సీ డాక్టరుకు ఫోన్ జేసి అడుగురి" అంది. ఆ ఫోన్ చేయాల్సి ఉంది.